మన బండి: బెల్టులు, పంపుల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో పాత కార్ల గురించి నాలుగు మాటలు రాసేసరికి బెల్టుల మీద, పంపుల మీద ప్రశ్నలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి, మోడలు, సంవత్సరం, తిరిగిన కిలోమీటర్లు రాసినవాళ్లవి ముందు తీసుకున్నాను. "మా కారులో సౌండ్ వస్తోంది, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేసినవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, ఒక రిటైర్డ్ టీచర్ గారి దగ్గర 2008 మోడల్ సాంట్రో జింగ్ కొన్నాను. మీటర్ 58 వేలు చూపిస్తోంది, సర్వీస్ బుక్కు ఉంది కాబట్టి నిజమైన రీడింగే. మా మెకానిక్ టైమింగ్ బెల్టు వెంటనే మార్చాలి, దాంతోపాటు టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచే పుల్లీ), వాటర్ పంపు కూడా వేయించుకో అంటున్నాడు. పై కవరు విప్పి చూస్తే బెల్టు నల్లగా కొత్తదానిలాగే ఉంది. ఇంకో 20 వేలు తిప్పాక చూద్దామా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు, ఆగకండి. మీ మెకానిక్ సరైన మాటే చెప్పాడు. బండి తక్కువ తిరిగింది నిజమే, కానీ బెల్టుకు వయసు కిలోమీటర్లతోనే రాదు. అది రబ్బరు, లోపల గాజు పీచు దారాలు. ఇంజన్ వేడికి రబ్బరు గట్టిపడుతుంది, ఇంట్లో నెలల తరబడి నిలబెట్టిన బండిలో అయితే పుల్లీల చుట్టూ ఒకే వంపులో బిగిసి ఉండిపోతుంది. అందుకే కంపెనీలు రెండు లెక్కలు ఇస్తాయి: ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్నేళ్లు, ఏది ముందొస్తే అది. మన చిన్న పెట్రోలు కార్లలో మోడల్‌ని బట్టి ఇది 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్యలో, ఏళ్లలో చెప్పాలంటే నాలుగు నుంచి ఆరేళ్ల దాకా ఉంటుంది, మీ మాన్యువల్లో ఉన్న అంకెనే ఖాయం చేసుకోండి. సర్వీస్ బుక్కులో బెల్టు మార్చినట్టు ఎక్కడా రాయలేదంటే అది 2008లో ఫ్యాక్టరీలో వేసిన బెల్టే అనుకోవాలి. అది ఇన్నాళ్లు తెగకపోవడం మీ అదృష్టం, అంతకు మించి దానికి వేరే అర్థం లేదు.

పైకి నల్లగా ఉందన్నారు. టైమింగ్ బెల్టు విషయంలో అది పనికొచ్చే పరీక్ష కాదు. బెల్టు వీపు బాగానే కనిపిస్తుంది, పగుళ్లు పళ్ల మొదట్లో వస్తాయి, దారాలు లోపల తెగుతాయి, ఆయిల్ సీల్ కారితే ఆ ఆయిల్ కింద క్రాంకు పుల్లీ దగ్గర పడుతుంది కాబట్టి పై కవరు విప్పితే అదీ కనపడదు. పైగా ఈ బెల్టు ముందుగా కూతలు పెట్టదు, జారదు, వాసన రాదు. నిన్నటి దాకా బాగా నడిచిన బండి ఇవాళ హైవే మీద టప్‌మని ఆగిపోతుంది.

ఆగిపోవడంతో సరిపోతే ఫర్వాలేదు. పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిచే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టు ఒక్కటే. కొన్ని ఇంజన్లలో వాల్వు పూర్తిగా దిగినా పిస్టన్‌కు తగలదు, అలాంటివాటిలో బెల్టు తెగితే కొత్త బెల్టు వేసుకుని వెళ్లిపోవచ్చు. మీ సాంట్రో ఆ రకం కాదు. వాల్వు దిగే చోటికే పిస్టన్ కూడా వస్తుంది, వేర్వేరు క్షణాల్లో వస్తుంది కాబట్టి నడుస్తోంది. బెల్టు తెగితే క్యామ్ ఉన్నచోట నిలిచిపోతుంది, పిస్టన్లు మాత్రం ఊపు మీద ఇంకా తిరుగుతూ తెరిచి ఉన్న వాల్వుల్ని కొడతాయి. వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాలి, గైడ్లు చూడాలి, గ్యాస్కెట్ మార్చాలి. మీరు కొన్న ధరతో పోలిస్తే అప్పుడొచ్చే బిల్లు చూసి చాలామంది బండిని అక్కడే తుక్కుకు ఇచ్చేస్తారు.

ఇక టెన్షనర్, పంపు. ఇక్కడ మెకానిక్ మీ జేబు మీద కన్నేశాడని అనుకోకండి. ఈ పనిలో ఎక్కువ ఖర్చు విప్పడానికి, బిగించడానికే. ఇంజన్ మౌంటింగ్ ఊడదీసి, పుల్లీలు తీసి, కవర్లు తీసి బెల్టు దాకా చేరాక టెన్షనర్ చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఇన్నేళ్లయిన టెన్షనర్ బేరింగ్‌లో గ్రీజు ఎండిపోయి ఉంటుంది, అది పట్టేస్తే కొత్త బెల్టునైనా తెంపేస్తుంది. వాటర్ పంపును తిప్పేది బయటి బెల్టే అయినా మీ కారులో పంపు ఉండేది టైమింగ్ కవర్ల వెనక. ఆరు నెలల తర్వాత పంపు కారితే ఈ విప్పుడంతా మళ్లీ మొదలు, కూలీ మళ్లీ ఇవ్వాలి. క్రాంకు ఆయిల్ సీలు, క్యామ్ ఆయిల్ సీలు చవక వస్తువులు, అవి కూడా ఇప్పుడే వేయించండి, ఎందుకంటే ఆయిల్ తగిలిన టైమింగ్ బెల్టు రబ్బరు ఉబ్బి త్వరగా పాడవుతుంది. అదే సందట్లో రేడియేటర్, ఫ్యాన్ మోటారు కూడా మార్చేద్దాం అంటే మాత్రం "ఎందుకో చూపించు" అని అడగండి. వాటిని ఎప్పుడైనా విడిగా విప్పుకోవచ్చు, ఇప్పుడే మార్చాల్సిన తొందరేం లేదు.

పని జరిగేటప్పుడు దగ్గరుండండి. మార్కులు కుదిర్చి బెల్టు వేశాక వెంటనే సెల్ఫ్ కొట్టనివ్వకండి. స్పానర్ పెట్టి చేత్తో క్రాంకును పూర్తిగా రెండు చుట్లు తిప్పి, మార్కులు మళ్లీ అక్కడికే వచ్చాయో లేదో చూశాకే స్టార్ట్ చేయాలి. ఒక్క పన్ను పక్కకు పడినా బండి నడుస్తుంది కానీ పికప్ ఉండదు, మైలేజీ పడిపోతుంది, ఆ తర్వాత మీరు ప్లగ్గులూ ఇంజెక్టర్లూ అంటూ ఊరంతా తిరుగుతారు. అన్నీ అయ్యాక తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బానెట్ కింద అంటించండి.

ప్రశ్న: నాది 2012 స్విఫ్ట్ డీజిల్. టైమింగ్ బెల్టు మార్చమంటే మా మెకానిక్ నవ్వి, దీనికి బెల్టే లేదు అన్నాడు. మా బావ ఇన్నోవాకు మార్చారు కదా మరి? – తణుకు

జవాబు: ఇద్దరూ కరెక్టే. మీ 1.3 డీజిల్ ఇంజన్‌కు ఉన్నది టైమింగ్ చైను. ఇదే ఇంజన్ ఇండికా విస్టా క్వాడ్రాజెట్‌లోనూ ఉంది, దానికీ చైనే. మీ బావగారిది పాత 2.5 డీజిల్ ఇన్నోవా అయ్యుంటుంది, అది బెల్టు బండి. ఒకే కంపెనీలోనే రెండు రకాలూ ఉంటాయి: పాత 800, ఆల్టో 800, ఓమ్నీ, జెన్, 1.1 వ్యాగన్ ఆర్, మొదటి తరం పెట్రోలు స్విఫ్ట్ బెల్టువి, తర్వాత వచ్చిన కే సిరీస్ ఇంజన్లు చైనువి. హ్యుందాయ్ ఐ10లో 1.1కి బెల్టు, 1.2 కప్పా ఇంజన్‌కు చైను. ఇక అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజన్, ప్రీమియర్ పద్మిని అంటారా, వాటికి మొదటి నుంచీ చైనే.

చైను ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. చైనుకు, దాని టెన్షనర్‌కు ప్రాణం ఇంజన్ ఆయిలే. ఆయిల్ మార్చకుండా లాగిస్తే చైను సాగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందువైపు నుంచి రెండు మూడు క్షణాలు గలగలమని వచ్చి ఆగిపోతోందంటే చూపించుకోవాల్సిన టైమొచ్చిందని అర్థం.

సెకండ్ హ్యాండ్ ఇన్నోవా కొనేవాళ్లకు ఒక మాట. ఆ బండి డాష్‌బోర్డులో టీ-బెల్ట్ అని ఒక లైటు ఉంటుంది, బెల్టు మార్చే సమయానికి వెలుగుతుంది. ఆ లైటును బెల్టు మార్చకుండానే ఆర్పేయొచ్చు. లైటు వెలగట్లేదని బెల్టు మార్చారని నమ్మకండి, బిల్లు చూపించమనండి.

ప్రశ్న: వానాకాలంలో పొద్దున్న స్టార్ట్ చేయగానే మా వ్యాగన్ ఆర్ కీచుమని అరుస్తుంది, వీధంతా లేస్తుంది. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. బెల్టుకు సబ్బు రాయమని ఒకరు, పౌడర్ కొట్టమని ఒకరు చెప్పారు. – కాకినాడ

జవాబు: సబ్బు వద్దు, పౌడర్ వద్దు, గ్రీజు అసలే వద్దు. రెండు రోజులు నోరు మూసుకుంటుంది, తర్వాత ఆ సబ్బు మీద దుమ్ము పట్టి బెల్టు ఇంకా జారుతుంది. ఇది బయటి బెల్టు, ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది. దీని కూత మంచిదే అంటాను నేను, ఎందుకంటే టైమింగ్ బెల్టులా మౌనంగా చచ్చిపోకుండా ముందే చెబుతోంది.

గాళ్ల బెల్టు (లోపలివైపు పొడవునా చాళ్లున్నది) అయితే ఒక చిన్న పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి స్ప్రే బాటిల్‌తో గాళ్లవైపు కాసిని నీళ్లు చిలకరించండి. లుంగీ, కండువా, చున్నీ, వదులు చొక్కా చేతులు ఏవీ దగ్గరకు రాకూడదు, ఇది తమాషా కాదు. నీళ్లు పడగానే కిచకిచ తగ్గి, ఆరాక మళ్లీ మొదలైతే పుల్లీలు ఒక వరుసలో లేవు, లేదా ఏదో బేరింగ్ పక్కకు వాలింది. నీళ్లు పడగానే అరుపు పెరిగితే బెల్టు వదులైంది, జారుతోంది.

పగుళ్లు లేవు కదా బెల్టు బాగున్నట్టే అనుకోవడం పాత లెక్క. ఇప్పటి గాళ్ల బెల్టులు వేరే రబ్బరుతో చేస్తున్నారు, అవి పగలవు, టైరులా అరుగుతాయి. గాళ్లు లోతుగా ఉన్నాయా, చదునుగా అయ్యాయా చూడాలి. మీ బండికి పాత రకం వీ బెల్టు ఉంటే అది పుల్లీని పక్కలతో పట్టుకోవాలి, అడుగు తగలకూడదు, పుల్లీ అడుగు మెరుస్తోందంటే బెల్టు అరిగిపోయిందని లెక్క. బిగింపు సంగతికొస్తే రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. అరుపు పోవాలని అంతకంటే బిగదీశారంటే బెల్టు ఊరుకుంటుంది, ఆల్టర్నేటర్ బేరింగ్, వాటర్ పంపు బేరింగ్ అరుస్తాయి. కొత్త వీ బెల్టు మొదట్లో కొంచెం సాగుతుంది కాబట్టి 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూపించండి.

ప్రశ్న: 2006 ఇండికా డీజిల్, లక్షా 70 వేలు. ఎండాకాలంలో హీటెక్కుతోందని ఒక మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసి పారేశాడు. కొన్నాళ్లు బాగుంది. ఇప్పుడు మళ్లీ హీట్, రోజూ లీటరు నీళ్లు తాగుతోంది, మేం బోరు నీళ్లే పోస్తాం. పంపు కారుతోందేమో అంటే రేడియేటర్‌లో పసుపు పోయమని డ్రైవర్ అన్నాడు. పంపు మార్చాలా? – నల్గొండ జిల్లా

జవాబు: పసుపు వంటింట్లోనే ఉంచండి. అది కారే చోట ఎంత పట్టుకుంటుందో తెలియదు గానీ రేడియేటర్ సన్నటి గొట్టాల్లో మాత్రం బాగా పట్టుకుంటుంది. షాపుల్లో అమ్మే లీకు పౌడర్ల మీదా నాకు పెద్ద గౌరవం లేదు, దారి మధ్యలో ఇంటికి చేరడానికి వాడితే సరే, తర్వాత మొత్తం కడిగించాలి.

మీ బండికి అసలు రోగం బోరు నీళ్లు. మీ వైపు నీళ్లలో ఉప్పు ఎంతో మీకు చెప్పక్కర్లేదు, ఇంట్లో గీజర్ కాయిల్ విప్పితే కనిపించే తెల్లటి పెచ్చులే ఇంజన్ లోపలా పేరుకుంటాయి. పంపు లోపల ఒక షాఫ్టు, దాని చివర రెక్కలు, నీళ్లు బయటికి రాకుండా ఒక సీలు ఉంటాయి. ఆ సీలు రెండు నున్నటి ముఖాలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతుంది. ఉప్పు రేణువులు మధ్యలో పడితే ఆ ముఖాలు గీరుకుపోయి కారడం మొదలవుతుంది. తుప్పు రెక్కల్ని తినేస్తే పంపు తిరుగుతున్నా నీళ్లు కదలవు. కూలెంట్ అంటే రంగు నీళ్లని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అందులో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, సీలుకు కాస్త జారుడు ఇస్తుంది, మరిగే వేడిని కూడా పెంచుతుంది. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే అది మామూలు గాలి ఒత్తిడిలోనే 106 డిగ్రీలు దాటాక మరుగుతుంది, రేడియేటర్ మూత ఒత్తిడి పట్టి ఉంచితే ఇంకా పైకి పోతుంది. మూత రబ్బరు పోయిన బండి ఎప్పుడూ నీళ్లు తాగుతూనే ఉంటుంది, కాబట్టి పంపు కంటే ముందు ఆ మూత మార్చి చూడండి, అన్నిట్లోకీ అదే చవక.

పంపు పోయిందో లేదో చూడటం కష్టం కాదు. పంపు బాడీ కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు కారితే ఆ నీళ్లు బేరింగ్‌లోకి పోకుండా బయటికి రావడానికే దాన్ని పెట్టారు. అక్కడ తెల్లగానో పచ్చగానో చార కనపడితే సీలు పోయినట్టు. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసేసే మహానుభావులు ఉన్నారు, వాళ్ల దగ్గర్నుంచి బండి తెచ్చేసుకోండి. బెల్టు వదులు చేసి పంపు పుల్లీని పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడకూడదు, చేత్తో తిప్పితే గరగరమనకూడదు. కిట్ వేసి రిపేరు చేస్తామంటారు, ఈ రోజుల్లో ఆ ధరకు కాస్త కలిపితే కొత్త పంపే వస్తుంది, కొత్తదే వేయించండి.

థర్మోస్టాట్ తీసేయడం మన ఎండలకు వచ్చిన అలవాటు, పెద్ద పెద్ద మెకానిక్కులు కూడా చేస్తారు, కానీ తప్పు. అది 82, 88 డిగ్రీలు అలా మోడల్‌ని బట్టి ఒక వేడి వచ్చాక తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదులుతుంది, ఎండాకాలంలో అది ఎలాగూ తెరిచే ఉంటుంది కాబట్టి తీసేసినందువల్ల కలిసొచ్చేదేమీ లేదు. తీసేస్తే చలికాలంలో, చిన్న ప్రయాణాల్లో ఇంజన్ చల్లగానే నడిచి ఎక్కువ డీజిల్ తాగుతుంది, ఎక్కువ అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు పక్కదారిని మూసేస్తుంది, అది లేకపోతే వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆ పక్కదారిలోనే తిరుగుతాయి, అంటే హీటు తగ్గకపోగా పెరుగుతుంది.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోండి. రోజుకు లీటరు అంటే చిన్న లెక్క కాదు, అది ఎక్కడికో పోతోంది. బయట ఎక్కడా చార లేకపోతే, చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తుంటే, లేదా ఆయిల్ కాఫీ రంగుకు తిరిగితే అది హెడ్డు గ్యాస్కెట్. అప్పుడు ఎన్ని పంపులు మార్చినా డబ్బు దండగ. అది తేలేదాకా ముల్లు ఎర్రగీత దగ్గరకు వెళ్తే బండి ఆపేయండి, మరిగే ఇంజన్ మూత తీయకండి, చన్నీళ్లు గుమ్మరించకండి, హెడ్డు వంకర పోతుంది.

ప్రశ్న: మాకు పాత టాటా సుమో ఉంది. ఘాట్ రోడ్డు దిగుతుంటే ఫ్యాన్ బెల్టు తెగింది. బ్యాటరీ లైటు వెలిగింది సరే, బ్రేకు ఎందుకు రాయిలా అయిపోయింది? బెల్టుకూ బ్రేకుకూ ఏం సంబంధం? – పాడేరు

జవాబు: చాలా ఉంది, ఈ సంగతి ఘాట్లలో తిరిగే ప్రతి డ్రైవరుకూ తెలియాలి. బ్రేకు మీ కాలి బలంతోనే పడదు, బూస్టర్ సాయం చేస్తుంది, బూస్టర్‌కు వాక్యూమ్ కావాలి. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చేటప్పుడు ఆ వాక్యూమ్ దానంతట అదే వస్తుంది. డీజిల్ ఇంజన్‌కు గాలిని ఆపే థ్రోటిల్ ఉండదు కాబట్టి అది రాదు, విడిగా వాక్యూమ్ పంపు పెట్టాలి. మీ సుమోలాంటి చాలా పాత డీజిల్ బండ్లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే అతికి ఉంటుంది. బెల్టు తెగితే ఆల్టర్నేటర్ ఆగింది, పంపూ ఆగింది. బూస్టర్‌లో నిలవ ఉన్న వాక్యూమ్‌తో ఒకటి రెండు సార్లు బ్రేకు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత రాయే.

అలాంటప్పుడు బ్రేకును పంపు కొట్టినట్టు కొట్టకండి, ఉన్నది కాస్తా అయిపోతుంది. ఒకేసారి నిలబడినంత బలంతో తొక్కి పట్టుకోండి, గేరు తగ్గించండి, ఆపేయండి. బ్రేకు పూర్తిగా పోలేదు, బరువెక్కింది అంతే. ఆగాక కూడా బెల్టు లేకుండా "ఊరి దాకా పోదాం" అనుకోవద్దు, వాటర్ పంపూ దాని మీదే తిరుగుతుంది, కొద్ది కిలోమీటర్లలోనే ఇంజన్ మరిగిపోతుంది. ఇలాంటి రూట్లలో తిరిగేవాళ్లు సీటు కింద కొత్త బెల్టు ఒకటి, దాన్ని బిగించే స్పానర్లు పెట్టుకోవాలి. ఆల్టర్నేటర్‌కు వెళ్లే సన్నటి ఆయిల్ గొట్టం కూడా చూపించండి, వాక్యూమ్ పంపుకు ఆయిల్ అందేది దాంతోనే.

ప్రశ్న: అన్నా, మా స్కూటీ రేజ్ చేస్తే ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. ఇంజన్ పోయిందా? డిగ్రీ కాలేజీకి రోజూ 30 కిలోమీటర్లు పోతాను. – సిద్దిపేట

జవాబు: ఇంజన్‌కు ఏం కాలేదమ్మా. గేర్లు లేని స్కూటర్లలో ఇంజన్ నుంచి వెనక చక్రానికి బలం అందించేది ఎడమవైపు కవరు లోపలి బెల్టు. అది తెగింది. ఇంజన్ ఎంత తిరిగినా చక్రానికి అందదు. బెల్టుతోపాటు ముందు పుల్లీలోని రోలర్లను చూపించుకో, గుండ్రంగా ఉండాల్సినవి ఒక పక్క చదునుగా అరిగిపోయి ఉంటే అవీ మార్చాలి, లేకపోతే కొత్త బెల్టు వేసినా పికప్ రాదు. పాత బెల్టు ముక్కలు, దారాలు లోపలంతా చుట్టుకుని ఉంటాయి, శుభ్రం చేశాకే కొత్తది వేయమని చెప్పు. రోజూ 30 అంటే ఏడాదికి కిలోమీటర్లు బాగానే పడతాయి, కాబట్టి మాన్యువల్లో ఇచ్చిన కిలోమీటర్లకు అది తెగకముందే మార్పించు.

ప్రశ్న: 2003 మారుతి 800, ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లున్న రకం). ఒక్కోసారి స్టార్ట్ అవదు, కాసేపు ఆగితే అవుతుంది. ఫ్యూయల్ పంపు పోయిందన్నారు. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లేనా? – అనంతపురం

జవాబు: ఈ మధ్య బండికి ఏమొచ్చినా ఈ20 మీదకే నెడుతున్నారు. కొంత నిజం ఉంది, కానీ ముందు మామూలు కారణాలు చూద్దాం.

తాళం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా రెండు మూడు క్షణాలు చెవి పెట్టి వినండి. వెనక సీటు కింది నుంచి సన్నగా జుయ్‌మని రావాలి, పంపు ఒత్తిడి కడుతోందని అర్థం. రాకపోతే వెంటనే పంపు మార్చేయకండి, ఫ్యూజు, రిలే, పంపు దగ్గరి వైరు సాకెట్ చూపించండి. ఒక్కోసారి స్టార్ట్ అయ్యి ఒక్కోసారి అవకపోతే రిలే గానీ కాలిన సాకెట్ గానీ అయ్యే అవకాశం బాగా ఉంది. శబ్దం వచ్చినా స్టార్ట్ అవకపోతే ఫిల్టరు, ఒత్తిడి చూడాలి. పంపును చంపేది ఎక్కువగా మనమే: ట్యాంకులో పంపు పెట్రోల్లో మునిగి ఉంటుంది, దాన్ని చల్లబరిచేది ఆ పెట్రోలే. ఎప్పుడూ 200 రూపాయల పెట్రోలు కొట్టించి రిజర్వులో తిప్పే బండిలో పంపు వేడెక్కి, అడుగున ఉన్న మట్టి పీల్చి పోతుంది. పావు ట్యాంకు కంటే తగ్గనివ్వకండి.

ఇక ఈ20. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లలో ఇంధనం తగిలే భాగాలు దీన్ని తట్టుకునేలా చేస్తున్నారు. మీది దానికి 20 ఏళ్ల ముందుది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు 20 నుంచి 30 వేల కిలోమీటర్లకు మార్చాల్సి రావచ్చని కేంద్రం కూడా చెప్పింది. కాబట్టి ఫ్యూయల్ హోసులన్నీ చూపించి, మెత్తగా గానీ పగుళ్లతో గానీ ఉంటే ఇంజెక్షన్ ఒత్తిడిని తట్టుకునే రకం హోసే వేయించండి. మామూలు పైపు ముక్క వేసి క్లిప్పు బిగిస్తే వేడి ఇంజన్ పక్కన పెట్రోలు చిమ్ముతుంది. పెట్రోలు వాసన వస్తుంటే బండి బయటికి తీయొద్దు.

అంతకు ముందటి కార్బొరేటర్ 800లు ఉన్నవాళ్లకు: మీకు ఉన్నది క్యామ్ నెట్టే డయాఫ్రం పంపు. డయాఫ్రం చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తూ పెట్రోలు వాసన వస్తే అదే. పంపు, ఆయిల్ రెండూ మార్చేదాకా నడపకండి.

ప్రశ్న: మేం ఫీనిక్స్‌లో ఉంటాం. 2012 హోండా ఒడిస్సీ, 88 వేల మైళ్లు. డీలర్ టైమింగ్ బెల్టు 105 వేల మైళ్లకు చాలు అంటాడు, ఇక్కడి మన తెలుగువాళ్లు ఇప్పుడే మార్చమంటున్నారు. ఇంటి ముందే నేనే చేసుకోవచ్చా? – అరిజోనా

జవాబు: మీ స్నేహితుల మాట వినండి. హోండా వీ6 మాన్యువల్స్‌లోనే ఒక షరతు ఉంది: 110 ఫారెన్‌హీట్ దాటిన ఎండల్లో క్రమం తప్పకుండా నడిపితే 60 వేల మైళ్లకే మార్చమని. ఫీనిక్స్ ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? 105 వేల లెక్క మామూలు వాతావరణాలకు, అదీ ఏళ్లు మీద పడకముందు. డాష్‌బోర్డులో సర్వీస్ గుర్తుచేసే మెయింటెనెన్స్ మైండర్ 4 అంకె చూపించేదాకా ఆగే పని లేదు.

మీ ఇంజన్‌లో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే, పంపు పట్టేస్తే బెల్టు పోతుంది, బెల్టు పోతే వాల్వులు. కాబట్టి బెల్టు, పంపు, పుల్లీలు, హైడ్రాలిక్ టెన్షనర్ అన్నీ ఉన్న కిట్టు తీసుకోండి, ఐసిన్ వాళ్ల కిట్టు అక్కడ ఎక్కువమంది వాడతారు. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చే పేరు లేని కిట్ల జోలికి పోకండి. సొంతంగా చేయడమంటారా, క్రాంకు పుల్లీ బోల్టు దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు, దానికి పుల్లీని పట్టే ప్రత్యేకమైన టూలు, గట్టి ఇంపాక్ట్ గన్ను కావాలి. ఇప్పటిదాకా బ్రేకులు, ప్లగ్గులు మార్చుకున్నవాళ్లయితే ఇది వాటి తర్వాతి మెట్టు కాదు, చాలా మెట్లు పైన ఉంటుంది. డీలర్ ధర నచ్చకపోతే హోండాలు చేసే విడి షాపులో చేయించండి. ఇంట్లో నాలుగు సిలిండర్ల హోండా అకార్డ్ కూడా ఉంటే దాని గురించి దిగులు వద్దు, 2003 నుంచి దానికి చైనే.

ప్రశ్న: బెల్టు, పంపు షోరూమ్‌లోనే కొనాలా, విజయవాడ ఆటోనగర్‌లో తీసుకుంటే తక్కువకు వస్తుందా? పాత స్టాకు ఇస్తారని భయం. – గుడివాడ

జవాబు: ఆటోనగర్‌లో అయినా, హైదరాబాద్‌లో రాణిగంజ్ వైపు అయినా మంచి సరుకూ దొరుకుతుంది, నకిలీ కూడా దొరుకుతుంది, తేడా షాపులో ఉంటుంది. బయటి బెల్టులకు ఫెన్నర్, గేట్స్, కాంటిటెక్ లాంటి పేరున్నవి నిశ్చింతగా వేసుకోవచ్చు, వాటికి షోరూమ్ డబ్బా అక్కర్లేదు. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్ మాత్రం కంపెనీ స్పేర్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లుతోనే కొనండి, అక్కడ మిగిలే రెండు మూడు వందల కోసం ఇంజన్ పణంగా పెట్టకూడదు. మాట్లాడేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోకుండా పార్టు నంబరు చెప్పండి, ఒకే మోడల్లో సంవత్సరం మారితే బెల్టు పళ్ల లెక్క మారుతుంది. డబ్బా మీద తయారైన నెల చూడండి, ఏళ్ల తరబడి అటక మీద ఎండలో ఉన్నది వద్దు. బెల్టును చేతిలో తీసుకున్నాక మడిచి, మెలితిప్పి, లోపలి వైపు తిరగేసి పరీక్షించకండి, లోపలి దారాలు అక్కడే విరుగుతాయి. షాపతను అలా మడిచి చూపిస్తే ఆ ముక్క వద్దని ఇంకొకటి అడగండి.